బొమ్మ లేని నాణెం



సుంకం విషయమై తనను చిక్కుల్లో పెట్టజూచిన వారిని క్రీస్తు ప్రభువు ఒక నాణెం చూపమన్నారు. దానిపై ఉన్న బొమ్మ ఎవరిదో వారి నోటనే పలికించి, ఎవరికి చెల్లవలసింది వారికి చెల్లించమన్నారు (మత్తయి 22). మరి ఏ బొమ్మా లేని నాణెం మాటేమిటి?

నేడు మన తిరుమలగిరి వంటి ఊళ్లలో కూడా సెల్‌ఫోన్‌లో పాట పాడి, హాస్యం చెప్పి సంపాదించాలని యువత ఆశ పడుతున్నారు. చూసేవారు సొంత డబ్బుతో ‘కాయిన్లు’ కొని కానుకగా పంపుతారు. కంపెనీ తన వాటా తీసుకున్నాక మిగిలింది రూపాయలై ఖాతాలో పడుతుంది. ‘ఇది జీతమా? ఎవరు చూడొచ్చారు?’ అనిపిస్తుంది. కాని అది శ్రమకు వచ్చిన ప్రతిఫలం. మిగతా ఆదాయంతో కలిపి లెక్క చూపవలసిందే. మొత్తం పరిమితి లోపుంటే పన్ను పడదు. దాటితే దాచడం తగదు. శ్రీసభ సత్యోపదేశం పన్ను ఎగవేతను దొంగతనాన్ని నిషేధించే ఏడవ ఆజ్ఞ క్రిందనే చేర్చింది (2409).

ఎందుకంత కఠినం? మన మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ సబ్బు కొన్నా జి.ఎస్.టి. కడతాడు. అతనికి దాచుకునే వీలు లేదు. వీలున్నవాడు దాచుకుంటే ఆ బరువు అతని వీపు మీదనే పడుతుంది.

ఇంకొక సంగతి. ఆన్‌లైన్ ఆటల్లో గెలిచిన నికర సొమ్ముపై 30 శాతం పన్ను 2023 ఏప్రిల్‌లో వచ్చింది. ‘ప్రభుత్వమే పన్ను తీసుకుంటే పందెం తప్పెలా అవుతుంది?’ అని అడిగేవారున్నారు. పన్ను రశీదు పాపక్షమాపణ కాదు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అటువంటి చట్టమే చేసింది. ఇంటి అవసరాలకు కావలసినదాన్ని హరించే పందెం తగదని సత్యోపదేశం ఎప్పుడో చెప్పింది (2413). గెలిచినవాని సొమ్ములో ఓడినవాని ఇంటి బియ్యం డబ్బులుంటాయి. 30 శాతం కట్టినా ఆ ఇంట పొయ్యి వెలగదు.

కనుక తల్లిదండ్రులారా, ఫోన్ ద్వారా డబ్బు ఇంటికి వస్తే రెండు ప్రశ్నలు వేయండి. ఇది ఎలా వచ్చింది? ఇందులో ఎవరికి ఎంత చెల్లాలి? మొదటిదానికి జవాబు సరిగా లేకపోతే రెండవది మనల్ని కాపాడదు. సుంకరి జక్కయ్య ఆ రెంటినీ ఒక్కనాడే తేల్చుకున్నాడు: మోసగించి తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు.

కాయిన్ మీద ఏ రాజు బొమ్మా లేకపోవచ్చు. దాన్ని సంపాదించిన మీ బిడ్డ మాత్రం దేవుని పోలికలో పుట్టినవాడే.