నాలుగు దాటాక

ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వైపు పోతుంటే అడవి అంచున కతోలిక బడులు కనిపిస్తాయి. వాటిలో రెండు రకాల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఒకరు డే స్కాలర్లు, ఒకరు బోర్డింగ్ పిల్లలు. సింగరేణిలోనో, థర్మల్ కేంద్రంలోనో, సారపాక పేపరు మిల్లులోనో పనిచేసేవాళ్ల పిల్లలు ఎక్కువగా మొదటి రకం. లోపలి గూడేల నుంచి ట్రంకు పెట్టెతో వచ్చినవాళ్లు రెండో రకం. యూనిఫాం ఒకటే, టీచరు ఒకరే, పరీక్ష పేపరూ ఒకటే. నాలుగింటికి చివరి గంట కొట్టేదాకా తేడా తెలియదు. ఆ తర్వాత ఒకరు ఆటో ఎక్కుతారు, ఇంకొకరు బడి వెనకనున్న హాస్టలుకు నడుస్తారు. నేను ఆటో ఎక్కి ఇంటికి పోయిన పిల్లల్లో ఒకణ్ణి. బడి మనిషిని ఏం చేస్తుందో మనమందరం పగటి పాఠాల్లో వెతుకుతాం. నాకు మాత్రం అది నాలుగు దాటాకే మొదలవుతుందనిపిస్తుంది.

ఇంటికి పోయే పిల్లాడు ఆ రోజు నేర్చుకున్నదాన్ని వెంట తీసుకుపోతాడు. అమ్మ వినీ విననట్టు వింటుంది. నాన్న, అదేం కాదురా, మా కాలంలో వేరేగా చెప్పేవాళ్లు అంటాడు. నానమ్మ నవ్వుతుంది. బడి చెప్పిన మాటకు ఇంట్లో ఒక ఎదురుమాట దొరుకుతుంది. ఆ రెండింటి మధ్య నిలబడి, ఎవరిది నిజమో తేల్చుకోలేక సతమతమవుతూ పిల్లాడు తనదైన బుర్రను తయారు చేసుకుంటాడు. హాస్టలు పిల్లాడికి ఆ ఎదురుమాట లేదు. టిఫిను, ఆటలు, స్నానం, ప్రార్థన, స్టడీ, భోజనం, మళ్లీ స్టడీ, లైట్లు ఆర్పడం. అన్నీ వేళకు జరుగుతాయి, చాలావరకు ప్రేమతోనే జరుగుతాయి. కానీ పగలు చెప్పినవాళ్లే రాత్రీ చెబుతారు.

గూడెంలో సాయంత్రం ఖాళీ సమయం కాదు. కోయ పిల్లలకు వంశాల లెక్కలో తమది ఎన్నో గట్టో, తమ వేల్పు ఎవరో, ఎవరితో వియ్యం కలుస్తుందో, ఎవరు అన్నదమ్ముల వరసో తెలిసేది ఆ వేళలోనే. ఇప్పపువ్వు ఏ చెట్టు కింద ముందు రాలుతుందో, రేల పాటకు అడుగు ఎలా పడాలో ఏ పుస్తకంలోనూ లేదు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. సమ్మక్క సారలమ్మల కథను ఆయన గొంతులో మోశారు. 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటి మనిషి తయారయ్యేది బాల్యమంతా పెద్దల పక్కన కూర్చోవడం వల్ల. పదేళ్లపాటు సాయంత్రాలు ఇంకెక్కడో గడిపిన పిల్లాడికి ఆ కథ ఎవరు అప్పగిస్తారు? ఎప్పుడు అప్పగిస్తారు?

ఇంతమాత్రాన హాస్టళ్లు వద్దని నేను అనలేను. అనే హక్కు నాకు లేదు. గూడెం దాకా బస్సు లేని చోట, వాగు పొంగితే దారే లేని చోట రోజూ వచ్చిపోయే చదువు ఎలా సాధ్యం? 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని గుర్తుంచుకుంటే ఆ నీటి ఎత్తు అర్థమవుతుంది. తడవని కప్పు, రెండు పూటల అన్నం, జ్వరమొస్తే చూసే సిస్టరు, రాత్రి చదువుకోవడానికి వెలుతురు: వీటిని తక్కువచేసి మాట్లాడటం తిన్న అన్నాన్ని అవమానించడమే. పైగా ఆ పిల్లల్ని ఎవరూ ఎత్తుకురాలేదు. ఎండాకాలం తునికాకు కోసి, ఆ డబ్బులతో ట్రంకు పెట్టె కొని, తల్లిదండ్రులే తీసుకొచ్చి దింపారు. తమ సాయంత్రాలను తామే వదులుకున్నారు. అడవి సంస్కృతి పోతోందని పట్నంలో కూర్చుని బాధపడే మనం మన పిల్లల చదువు విషయంలో అలాంటి త్యాగం ఏదీ చేయలేదు. వాళ్ల నిర్ణయం ముందు నేను తల వంచుతాను.

అయినా ఒక సంగతి మనసులో మెదులుతూనే ఉంటుంది. ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థలో మైనరు పిల్లల్ని వాళ్ల సంరక్షకుల అనుమతి లేకుండా మతబోధకూ, ఆరాధనకూ హాజరుకమ్మనకూడదని రాజ్యాంగం 28వ అధికరణం మూడో ఖండం చెబుతుంది. పగలు ఇది పెద్ద చిక్కేమీ కాదు. కతోలిక పిల్లలు ఉపదేశానికి పోతే మిగతావాళ్లకు నీతిపాఠం ఉంటుంది. సాయంత్రం జపమాల వేళ హాస్టల్లో ఉన్న కోయ పిల్లాడి సంగతేంటి? వాడి సంరక్షకులు ఇంద్రావతి అవతలో, శబరి ఒడ్డునో ఉన్నారు. ఆ వేళకు వాడిని కనిపెట్టుకుని ఉన్నది వార్డెనే. ఎవరూ బలవంతం చేయకపోవచ్చు. అందరూ మోకరిల్లినప్పుడు ఎనిమిదేళ్ల పిల్లాడు ఒక్కడే నిలబడి ఉండగలడా? మతం మారడం, మారకపోవడం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇది: తన వేల్పు గురించి ఆ వేళ వాడితో మాట్లాడే మనిషి ఆ ఆవరణలో ఒక్కరూ లేకపోవడం.

ఈ బడుల వెనక ఉన్న సంప్రదాయంలోనే దీనికి జవాబుందని నా నమ్మకం. ఇటలీలోని మిలాన్ నుంచి వచ్చిన పీమే అనే కతోలిక మిషనరీ సంఘం గురువులు తెలంగాణలో పాదుకున్నది 19వ శతాబ్దంలో. బిషప్పుల పరిధులైన వరంగల్ మేత్రాసనం 1952లో, ఖమ్మం మేత్రాసనం 1988లో ఏర్పడ్డాయి. ఆ ఇటలీలోనే ట్యూరిన్ నగరంలో డాన్ బోస్కో అనే కతోలిక గురువు ఏం చేశాడో చూడండి. పల్లెల నుంచి కూలికి వచ్చిన పిల్లలకు ఆయన మొదట ఇచ్చింది ఆదివారాలు, ఆ తర్వాత రాత్రిబడి. పగలు వాళ్ల పనిది, దాని జోలికి పోలేదు. 1847లో వానలో తడిసి వచ్చిన ఒక అనాథ పిల్లాడిని ఇంట్లో ఉంచుకోవడంతో ఆయన దగ్గర బోర్డింగ్ మొదలైంది. అప్పటికే ఆ ఇంట్లో ఆయన తల్లి మార్గరీటా ఉంది. చదువురాని ఆ పల్లెటూరి రైతు స్త్రీ, పిల్లల బట్టలు కుట్టింది, వంట చేసింది, పడుకునే ముందు నాలుగు మాటలు చెప్పింది. అంటే ఆ హాస్టలు తొలి రోజుల నుంచే, నాలుగు దాటాక పిల్లల పక్కన ఆ పిల్లల మాటతీరు తెలిసిన ఒక పల్లెతల్లి ఉంది. ఇక 1965లో రెండో వాటికన్ మహాసభ విద్య మీద చేసిన ప్రకటనలో, పిల్లలకు మొదటి, ముఖ్యమైన గురువులు తల్లిదండ్రులేనని స్పష్టంగా రాసుకున్నారు. ఈ మాటను గోడ మీద రాసి పెట్టుకున్న బడి, నెలకో ఆదివారం తల్లిని గేటు దగ్గరి చెట్టు కింద కూర్చోబెట్టి పంపించేస్తే సరిపోతుందా?

కోయ భాష విషయంలోనూ ఈ నేలకు పాత అనుభవం ఉంది. ఆనకట్ట పనుల మీద వచ్చిన ఇంజినీరు హేగ్ పూనికతో దుమ్ముగూడెంలో మొదలైన ప్రొటెస్టెంటు మిషన్ ద్వారా లూకా సువార్త కోయలోకి వచ్చింది. అదీ 19వ శతాబ్దంలోనే. 1943లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల్ని గోండీలోనే తయారు చేయించాడు. ఆ రెండు ప్రయత్నాల ఉద్దేశాలు వేరు. పిల్లాడు ఇంట్లో మాట్లాడే మాటను పనికొచ్చే మాటగా చూడటంలో మాత్రం రెండూ ఒక్కటే. ఇవాళ ఇంగ్లీషు మీడియం హాస్టల్లో కోయ పిల్లాడి చేతిలో ఉన్నది ఆ రెండింటికన్నా బీద సాయంత్రం. ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలూ, గురుకులాలూ దీనికి మినహాయింపు కాదు. కాకపోతే, పిల్లాడి ఆత్మ బాగోగులు కూడా తమ పనేనని చెప్పుకునే సంస్థను ఇంకాస్త ఎక్కువ అడగాలి.

అడగాల్సింది పెద్ద విషయమేమీ కాదు. హాస్టళ్లలో వంటకూ, కాపలాకూ మనుషుల్ని పెట్టుకుంటారు. చుట్టుపక్కల గూడేల నుంచి ఒక కోయ అవ్వనో, తాతనో జీతమిచ్చి తెచ్చుకుని, రాత్రి భోజనం తర్వాత గంటసేపు పిల్లల్ని వాళ్ల దగ్గర వదలాలి. ఏం చెప్పాలో ఫాదర్లు, సిస్టర్లు నిర్ణయించకూడదు. చూడటానికి వచ్చిన తల్లిని గేటు దగ్గరే ఆపకుండా ఆ రాత్రి హాస్టల్లోనే పడుకోనివ్వాలి. మిషనరీ బడులకు క్రిస్మస్‌కు సెలవులు ఎక్కువిచ్చి దసరాకు తగ్గించుకునే వీలు ఇప్పటికే ఉంది. క్యాలెండరును ఒక పండుగ కోసం జరపడం వాళ్లకు కొత్త కాదు. బడులు తెరిచే జూన్ రోజుల్లోనే చాలా గూడేల్లో కోయల భూమి పండుగ వస్తుంది, ఊరూరికీ తేదీ మారుతుంది. అడ్మిషను ఫారంలో తండ్రి వృత్తి, కులం, మతం రాసే గడుల పక్కన మీ ఊళ్లో భూమి పండుగ ఎప్పుడు అనే గడి ఒకటి చేర్చి, ఆ రోజులకు పిల్లాడిని ఇంటికి పంపితే చాలు, ఫైను వేయకుండా.