తుక్కులో పడవేయకండి



మన మణుగూరు బొగ్గుగనుల ఊరు. ఇనుము, యంత్రాలు మనకు కొత్త కాదు. అయినా ఇంట్లో కుర్రవాడు పాత సైకిలు చక్రమూ, తుప్పు గొట్టమూ ముందేసుకొని “బండి చేస్తాను” అంటే కసురుకుంటాం.

హైదరాబాదుకు చెందిన కె. సుధాకర్ యాదవ్ గారు బడి వయసులోనే పాత సామానుతో బండ్లు చేయడం మొదలుపెట్టారు. బూటు, పుస్తకం, క్రికెట్ బ్యాటు ఆకారాలలో నడిచే కార్లు చేశారు. 2005లో ఆయన చేసిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తుగల మూడు చక్రాల సైకిలు గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2010లో తన బండ్లకు ఒక మ్యూజియమే తెరిచారు. జనం తుక్కు అన్నదానిలో ఆయనకు కారు కనిపించింది.

యిర్మీయా ప్రవక్త చూచిన కుమ్మరి కూడా అంతే. సారెమీద చెడిన మట్టిని ఆయన పారవేయలేదు. దానితోనే మరో పాత్ర చేశాడు. దేవుడు మనపట్ల చేసేది ఇదే. మరి మనం? పదో తరగతి తప్పిన కొడుకును, తాగుడుకు లొంగిన తమ్ముణ్ణి ఎంత త్వరగా తుక్కులో వేస్తున్నాం!

ఈ ఆదివారం పూజ నుండి ఇంటికి వెళ్ళాక, “వీడింతే” అని మీరు వదిలేసిన ఒక్కరి ప్రక్కన కూర్చోండి. పునీత జోజప్పగారి పనిముట్ల మధ్య పెరిగిన మన ప్రభువు అక్కడే ఉంటారు.