విల్లు నేర్పే మొదటి పాఠం

మోదుగ పూసే రోజుల్లో అనంతగిరి అడవిలో కౌజు పిట్టలు కూస్తుంటాయి. "మన తాతలు విల్లుతో కొట్టినవే కదా సార్, ఇప్పుడు నేరమెట్లయింది?" అని బడిలో ఒక పిల్లవాడు మమ్మల్ని అడిగాడు.

న్యాయమైన ప్రశ్నే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. 2006 అటవీ హక్కుల చట్టం మన సాగు భూమిని, అటవీ ఫలసాయాన్ని హక్కుగా ఒప్పుకుంది. వేటను మాత్రం ఒప్పుకోలేదు. అడవి తరిగింది మన బాణాల వల్ల కాదు. ఆ బాధ నిజమే.

అయినా మన పెద్దలు కొత్తగా విల్లు పట్టినవాడికి ముందు గురి నేర్పలేదు. గాలి ఎటు వీస్తుందో, జాడ ఎవరిదో, గూడు ఎక్కడుందో చూడమన్నారు. గుడ్లు పొదిగే పిట్ట జోలికి పోవద్దన్నారు. కొట్టగలిగీ ఆగడమే వేటగాని ధర్మం.

ఆ ఆగడం చట్టం నేర్పింది కాదు, మనదే. గురిని బడి మైదానంలో నేర్చుకుందాం. అడవికి కళ్లు, చెవులు తీసుకుపోదాం.