అల్లికయందలి అభావము

పాతకాలపు ఫిలే క్రోషే లేసునొకదానిని వెలుగునకెదురుగా పట్టి చూచినవారికి ఒక ప్రశ్న తోచక మానదు: అందు కనబడు నెమలి దారమునందున్నదా, దారము లేనిచోట నున్నదా? అల్లు పద్ధతి సులభమే. ఖాళీ గడికి ఒక నిలువు కుట్టును రెండు గొలుసు కుట్లును, నిండు గడికి మూడు నిలువు కుట్లును చాలును. కాని నిండవలసిన గడి ఒక్కటి ఖాళీగా మిగిలినను, ఖాళీగా ఉండవలసినది నిండినను, నెమలి మెడ విరుగును. 1587లో పారిస్ నగరమున ఫెడెరికో విన్చోలో ప్రకటించిన నమూనాల గ్రంథమునందు, ముడివలపై సూదితో నింపుటకై, ఇట్టి గడుల చిత్రములే కలవు.

మన తార్కికులు ఈ ప్రశ్నకు ఏనాడో సమాధానము సిద్ధపరచిరి. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున అభావమును ఏడవ పదార్థముగా పరిగణించి, దానిని నాలుగు విధములుగా విభజించెను. ఇంకను అల్లని వరుసలో నెమలి తోక లేకుండుట ప్రాగభావము. ఎలుక కొరికిన చోట దారము లేకుండుట ప్రధ్వంసాభావము. నమూనా గీసినవాడు ఎన్నడును నింపదలపని గడిలో నిండుదనము లేకుండుట అత్యంతాభావము. నిండు గడి ఖాళీ గడి కాకపోవుట అన్యోన్యాభావము. కావున లేసులోని ఖాళీ వట్టి లేమి కాదు, తెలియదగిన పదార్థమే. దారముతో పాటు అదియు నెమలిని నిలుపుచున్నది.

అయితే మనము గుర్తింపని అభావమొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల వలన పశ్చిమగోదావరిలోని నర్సాపురమునకు వచ్చి, 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన క్రోషే లేసును అల్లువారు ఆ ప్రాంతపు స్త్రీలు. ఇంటి అరుగుపై కూర్చుండి గంటల తరబడి అల్లుచుండు వారిని లోకము పనివారుగా గాక తీరికవేళ పుచ్చు గృహిణులుగా తలచుచున్నదని 1982లో ప్రకటితమైన తన గ్రంథమున జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ నిరూపించినది. భాట్ట మీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధిని, అనగా కనబడకపోవుటను, ప్రమాణముగా ఒప్పుకొనిరి గాని, వస్తువున్నచో కనబడదగిన పరిస్థితి యుండియు కనబడనప్పుడే అది లేదని నిశ్చయింపవలెనని నియమించిరి. చీకటిగదిలో కుండ కనబడనంత మాత్రమున కుండ లేదనరాదు. అట్లే లెక్కల పుస్తకమున కనబడనంత మాత్రమున ఆ స్త్రీల శ్రమ లేనిది కాదు. చూచుటకు వలసిన దీపమును మనమే వెలిగింపలేదు.

నేడు పాత నమూనాలను వెదకి, కిటికీ పరదాలకును, బల్లగుడ్డలకును, దీపపు గొడుగులకును తిరిగి అల్లించుకొను అభిరుచి మిక్కిలి మెచ్చదగినది. గడుల కాగితముపై నిద్రించుచున్న రూపము చేతికి వచ్చిననే గదా ప్రాణము పొందును. కాని రూపమును మాత్రము తెచ్చుకొని, అల్లిన చేతిని మరచుట ధర్మము కాదు. కావున లేసు కొనువారు గజము ధర అడిగి ఊరకుండక, ఇందు ఎన్ని గంటల పని పట్టినది, అల్లినవారికి ముట్టినదెంత అని కూడ అడుగవలెను. ఆ ప్రశ్న వేయని యింట పాత లేసు కేవలము అలంకారమగునేగాని, పునరుద్ధరణము కానేరదు.