స్నేహమునందు తూకము తగునా?

స్నేహితుల నడుమ లెక్కలు, పత్రములు ఉండవచ్చునా, అది మైత్రికి కళంకము కాదా యని ఇటీవల ఒక గృహస్థు నన్నడిగిరి. ఆయన తన చిరకాల మిత్రునితో కూడి వ్యాపారమారంభింపదలచినారు. వాటాలు వ్రాసికొందమనుటకు మాత్రము నోరు రాకున్నది. "అట్లడిగినచో నాపై నమ్మకము లేదా యనునేమో స్వామీ!" అనిరి.

ఈ సంకోచము నాకు క్రొత్త కాదు. పాఠశాలలో నాతో ఒకే చాపపై కూర్చుండి వ్యాకరణము చదివిన సహాధ్యాయి యొకడుండెను. ముప్పది యేండ్ల క్రిందట మేమిరువురము ఒక చిన్న పుస్తకమును అచ్చువేయించితిమి. కాగితపు ఖర్చు ఎవరిది, అమ్మిన ప్రతుల సొమ్ము ఎవరికెంత యను మాటయే అనుకొనలేదు. "మన మధ్య లెక్కలేమిటి?" అనుట మాకొక ఊతపదము. రెండేండ్లకు తనకు బాకీ యున్నానని అతడనెను; నాకే రావలెనని నేనంటిని. వ్రాసియుంచిన కాగితము లేదు గనుక ఎవరి మాట నిజమో నేటికిని నేనెరుగను. అతడు పరమపదించిన నాడు నేను ఆ గడప తొక్కలేదు.

నాకు ఒక స్నేహమును పోగొట్టిన ఈ 'లెక్కలేమిటి' అను మాట, తూర్పు కనుమలలో అనేకులకు భూములనే పోగొట్టినది. మైదానపు వర్తకులు కొండ సంతలకు వచ్చి, గిరిజనులను నేస్తమని పిలిచి, ఉప్పు, బట్టలు అరువిచ్చి, పసుపు, చింతపండు గైకొని పోయెడివారు. లెక్క వర్తకుని పుస్తకముననే యుండెడిది. వ్రాతరాని వానికి అతని మాటయే పత్రము. బాకీ పెరిగి మొదట పంటయు, పిదప పొలమును చేజారెడివి. అందుచేతనే 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతములకొక చట్టము చేసి, గిరిజనుని అప్పుపై వడ్డీ ఏటికి నూటికి 24 మించరాదనియు, చక్రవడ్డీ కూడదనియు, మొత్తము వడ్డీ అసలును దాటరాదనియు విధించెను. ఈ కడపటి కట్టడి మనుస్మృతియందున్నదే. మనమెరిగిన ధర్మమును దొరలు మరల మనకు వ్రాసి చూపవలసివచ్చెను గదా! 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి, అటవీ ఫలసాయమును నిర్ణీతమైన ధరకు కొనసాగినది. గిరిజనుల భూమి ఇతరులకు చెందరాదని చేసిన 1959 నాటి నిబంధనను 1970లో ఇంకను బిగించిరి.

దానమును, వ్యవహారమును కలగలుపుటయే ఇందలి దోషమని నా తలంపు. శ్రీమద్భాగవతమున కుచేలునికి స్వామి సంపదలిచ్చినపుడు లెక్క లేదు, అది అనుగ్రహము గనుక. అతడు నోరు తెరచి అడుగనైన లేదు. ద్రోణుని కథ వేరు. తన రాజ్యభోగములు నీవియు నగునని ద్రుపదుడు చిన్ననాట అన్న మాటను ఒకరు ఆటగాను, ఒకరు ఋణముగాను తలచిరి. ఆ వైరము కురుక్షేత్రము వరకు వచ్చినది. శాంతిపర్వమున జాజలి యను తపస్వికి ధర్మము బోధించినవాడు తులాధారుడను కాశీ వర్తకుడు. అతని త్రాసు ఎల్లవారికిని సమమే. మిత్రునికై వంగునది కాదు. వంగుట నేర్చిన త్రాసు మరియొకనాడు ఆ మిత్రునిపైననే వంగదని ఎవరు చెప్పగలరు?

ఇంటికి వచ్చిన చెలికానికి పెట్టిన అన్నమును ఖాతాలో వ్రాయుమని నేననుట లేదు. అట్టివారును కలరు, వారి మాట విడుతము. ఆ గృహస్థునితో ఇట్లంటిని: పెట్టుబడి ఎవరిదెంత, శ్రమ ఎవరిదెంత, నష్టము వచ్చిన ఎవరు భరింతురు, విడిపోవలసివచ్చిన ఎట్లు విడిపోవుదురు అనువానిని మనసులు తీయగా నున్నపుడే రెండు ప్రతులుగా వ్రాసికొనుడు. మీరే ముందుగా అడుగుడు. అడుగుట మిత్రునికి భారము కాకుండును.

ఆయన వెడలిన పిదప అరకు సంతలో ఒకప్పుడు చూచినది జ్ఞప్తికి వచ్చెను. ఒక ముసలమ్మ గంపెడు పసుపు తెచ్చినది. ఎరిగిన వర్తకుడు కాబోలు, "నేస్తమా, మనకు తూకమెందుకు? ఉజ్జాయింపున ఇచ్చిపో" అనెను. "నేస్తమైతే తూయకూడదా బాబూ?" అని ఆమె నవ్వినది. త్రాసు ముల్లు నిలుచువరకు రెప్ప వేయక చూచి, సొమ్ము రెండుమారులు లెక్కించుకొని చెంగున ముడివేసికొన్నది. అటుపిమ్మట గంప అడుగున మిగిలిన రెండు కొమ్ములు తీసి, "ఇవి మీ ఇంటికి" అని అతని చేతిలో పెట్టినది. వానిని అతడు తూచలేదు.