ముఖము లేని మూలము

మెదకులోని క్రైస్తవ దేవాలయమును చూపుటకై మా బుగ్గారము బడిపిల్లలను కొందఱను వెంటబెట్టుకొని పోయితిని. రంగుటద్దముల కిటికీల యెదుట నిలిచినపుడు వారిలో నొక క్రైస్తవబాలుడు నన్నడిగెను: "సారూ, ఏసయ్య నిజంగ గిట్లనే తెల్లగుండెనా?" నేను చరిత్ర చెప్పబోయి యాగితిని. తనవంటి ముఖమునకు ఆ యద్దములో చోటున్నదా యని వాని మనసులోని ప్రశ్న.

ఆ దేవాలయమును చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మతబోధకుడు కట్టించెను. కరవున మాడుచున్నవారికి పని కల్పించి, కూలిగా అన్నము పెట్టి యెత్తించిన గోడలవి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము అను మూడు ఘట్టములను కిటికీలపై రచించినవాడు ఫ్రాంక్ సాలిస్‌బరీ అను ఆంగ్ల చిత్రకారుడు. రాళ్లు మోసినవారి పోలిక ఆ చిత్రములలో లేదు.

విగ్రహము చేసికొనరాదని నిర్గమకాండము 20వ అధ్యాయము శాసించుచున్నది. ఈ వాక్యమును బట్టియే 8, 9 శతాబ్దములలో బైజాంటియమున పటములు పగులగొట్టబడినవి. అంతకు ముందే, 600 ప్రాంతమున, గ్రెగరీ పోపు మార్సెయి బిషప్పునకు వ్రాయుచు, అక్షరము రానివారు గోడలపై చదువుకొందురని పటములను సమర్థించెను. ఉపాధ్యాయుడను గనుక ఈ సమాధానము నాకు చిరకాలము రుచించినది. ఇప్పుడు కొంచెము సిగ్గగుచున్నది. నాలుగు సువార్తలను రెండు భాషలలో చదివినవాడను నేను. వానిలో ఒక్కదానియందును క్రీస్తు ముఖవర్ణన లేదన్న సంగతి నాకు తట్టినది చదువులో వెనుకబడిన యా బాలుని ప్రశ్నవలననే!

మూలము మౌనము వహించినచోట రచయిత తానును మౌనము వహింపవచ్చును. చిత్రకారునికి ఆ సౌకర్యము లేదు; ముఖమును ఖాళీగా విడువలేడు. మెదకునకు సమీపమున కొలిచెలమవాడైన మల్లినాథసూరి, మూలములో లేనిది వ్రాయనని ప్రతిజ్ఞ పట్టి వ్యాఖ్యానములు రచించెను. చిత్రకారుడును వ్యాఖ్యాతయే కాని, ఆ ప్రతిజ్ఞ వానికి చెల్లదు. అందుచేత చిత్రము నిషిద్ధమందురా? ఉపన్యాసకుడును శ్రోతల మనసులలో ఏదో ఒక ముఖమును నిలుపుచునే యున్నాడు. అది కంటికి కానరాదు గనుక దానిని ప్రశ్నించువాడు లేడు. చిత్రకారుని యూహయో, పదిమంది నడుమ బయటపడి నిలుచును. పండ్రెండేండ్ల బాలుడు దానిని నిలదీయగలడు. శాకుంతలము ఆఱవ యంకమున దుష్యంతుడు తాను వ్రాసిన పటములోని తుమ్మెదను గద్దించును. ఇది పటమని విదూషకుడు జ్ఞాపకము చేయవలసివచ్చును. విగ్రహారాధన దోషమనునది ఏదైన నున్నచో, అది ఆ మఱపునందే యున్నదని నా తలంపు.

వేఱు త్రోవలును లేకపోలేదు. దోర్నకల్లులో అజరయ్య బిషప్పు కట్టించి 1939లో ప్రతిష్ఠించిన దేవాలయమున మన గుళ్ల స్తంభములును మసీదుల గుమ్మటములును కలసియున్నవి. జామినీ రాయ్ వంగదేశపు పటువాల రేఖలతో, వెడల్పు కన్నులతో క్రీస్తును వ్రాసెను. మన చేర్యాల నకాషీలు నిలువుపటమును మెల్లగా విప్పుటకై వ్రాయుదురు. దానిని చూపుచు కథకుడు వినువారి కులపురాణమునే చెప్పును. ఆ పటముపై బెత్లెహేము కథను చూడవలెనని నాకు కోరిక. అయినను ఒక భయమును దాచను. మనవంటి ముఖమునే దేవునికి తగిలించుకొన్నచో, ఆ ముఖము మనల నెన్నడైన మందలించునా? సాలిస్‌బరీ దేశీయులకును ఈ చిక్కు తప్పలేదు కాబోలు.

మఱుసటి వారము చిత్రలేఖనపు గంటలో క్రీస్తు జననమును వ్రాయుడని పిల్లలతో చెప్పితిని. ఆ బాలుడు బఱ్ఱెలకొట్టమును, గొంగడి కప్పుకొన్న యోసేపును, పొయ్యి కడ మరియను చక్కగా వ్రాసెను. బిడ్డ ముఖము మాత్రము తెల్లకాగితముగనే యున్నది. ఏమిరా యని యడిగితిని.

"ఇంక సోంచాయిస్తున్న సారూ" అనెను.