ధనుర్మాసంలో చన్నీళ్ల స్నానం చేయకపోతే దోషమా?

 

మొన్న సత్సంగం అయిపోయినాక ఆసిఫాబాద్ అమ్మ ఒకరు దగ్గరికి వచ్చి అడిగింది. "ముప్పై ఏండ్ల నుంచి ధనుర్మాసంలో నాలుగింటికే చన్నీళ్లు పోసుకుంటున్న అయ్యా. ఇప్పుడు బీపీ ఉంది, ఆయాసం ఉంది. కొడుకు వద్దంటుండు. మానేస్తే పాపం తగులుతదా?" అడుగుతుంటేనే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగినయ్.

మన జిల్లా చలి సంగతి కొత్తగా చెప్పాలా! సిర్పూర్ యు, తిర్యాణి వైపు కొన్ని రాత్రులు ఐదారు డిగ్రీలకు పడిపోతుంది. ఇగం పెడుతున్నప్పుడు చన్నీళ్లు మీద పడితే రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదికి వస్తుంది.

మరి శాస్త్రం ఏమంటుంది? స్నానం అంటే నీళ్లు పోసుకోవడం ఒక్కటే కాదమ్మా. మంత్ర స్నానం ఉంది. విభూతి ధరిస్తే ఆగ్నేయ స్నానం. గోధూళి తగిలితే వాయవ్యం. మనసులో విష్ణువును తలచుకుంటే మానస స్నానం. చేతగానివాళ్లు ఉంటారని తెలిసే కదా పెద్దలు ఇన్ని దారులు పెట్టారు! గీత ఆరో అధ్యాయంలో స్వామి కూడా తిండి, నిద్ర, పని అన్నీ మితంగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందన్నాడు. ఒంటిని హింసించమని అనలేదు.

ఆసనాల సంగతీ అంతే. వాగ్భటుడు అష్టాంగహృదయంలో, బలమున్నవాళ్లు కూడా చలికాలంలో సగం శక్తితోనే వ్యాయామం చేయాలన్నాడు. బలమున్నవాళ్లకే సగం, ఇక మనమెంత! ఎండ పొడ వచ్చినాక నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మోకాళ్లకు, పాదాలకు పట్టించండి. ముందు కీళ్లు మెల్లగా కదపండి, ఆ తర్వాతే సూర్యనమస్కారాలు. పన్నెండు చేసేవాళ్లు నాలుగు చేసినా సూర్యుడు కోపగించుకోడు. శీతలి, సీత్కారి ఒంటిని చల్లబరుస్తాయి కాబట్టి ఇప్పుడు వద్దు. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టొద్దు, కపాలభాతి జోరుగా చేయొద్దు. మందులు మాత్రం మానకండి.

ఉపవాసాల మాట కూడా చెప్పాలి. హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది, దానికి ఆహారం అందకపోతే ఒంట్లోని రసాన్నే తినేస్తుందని చరకుడు చెప్పాడు. అందుకే మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో ఉండకండి. వేడి జొన్నరొట్టె, నువ్వులు బెల్లం మన ఇండ్లల్లో ఉన్నవే కదా. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం జోలికి పోకండి.

ఇంకొక్క మాట. తలుపులన్నీ మూసుకొని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకోవద్దు. ఆ గాలి వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

ఆ అమ్మ అంతా విని, "మరి పొద్దుగాల నా దీపం?" అన్నది. లేవగానే ఉడుకు నీళ్లతో కాళ్లు, చేతులు, మొఖం కడుక్కొని, పుండరీకాక్షుని తలుచుకొని, శాలువా కప్పుకొని దీపం పెట్టుకో తల్లీ. స్నానం ఎనిమిదింటికి చేయి, ఎండ వచ్చినాక. నీళ్లు కాచి ఇచ్చే పని ఆ కొడుకుకే చెప్పు.